మురళీమోహన్ గారికి అయిందా?

అరసవల్లి వర్తక సంఘం సభ్యులకు తెలియజేయడమేమనగా, పప్పుల వ్యాపారి మురళీమోహన్ గారికి ఈ ఉదయం ఏడూ నలభైకి అయింది. సగమే అయింది. మిగతాది రేపటికి వాయిదా.

ఇలాంటి ప్రకటన మా వీధిలో రెండేళ్లపాటు ప్రతిరోజూ వెలువడింది. తండ్రి మరుగుదొడ్డి తలుపు తీయగానే కొడుకు ప్రమోద్ సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. అయితే కొట్టు షట్టరు లేచేది. కాకపోతే కందిపప్పు కోసం వచ్చినవాళ్లు అరుగు మీద కూర్చుని అయ్యేదాకా ఎదురుచూసేవారు. నాకు వాట్సాప్ లేదు. ఇంట్లో కబురు చెప్పే మనిషి పోయాక నా వార్తలన్నీ పాలబూతులోనే. అక్కడ పాలకంటే ముందు ఇదే పోసేవారు.

మురళీమోహన్ గారు పొద్దున్న కొట్లో గద్దె ఎక్కితే రాత్రికిగానీ దిగరు. నీళ్లు తాగితే లేవాలి. లేస్తే బస్తాలు మోసే కళాసీలు పప్పు తువ్వాల్లో కట్టుకుపోతారని ఆయన నమ్మకం. అందుకని నీళ్లు తాగరు. ఆకుకూర మేకలదని ఆయన అభిప్రాయం. ఇంత క్రమశిక్షణ చూసి పేగులు కూడా గద్దె ఎక్కి కూర్చున్నాయి.

వీధి స్పందించిన తీరు మెచ్చుకోదగ్గది. బట్టలకొట్టు వాళ్లు సునాముఖి ఆకు పంపారు. బంగారుకొట్టు వాళ్లు ఆముదం పంపారు. సంఘాధ్యక్షుడు వెంకటరావు గారు స్వయంగా వచ్చి, మరుగుదొడ్డి తలుపు బయట నిలబడి ప్రసంగించారు. "మురళీమోహన్ గారూ, వర్తకుడికి పట్టుదలే పెట్టుబడి! ప్రయత్నం వదలకండి! గట్టిగా ముక్కండి! సంఘం మీ వెంట ఉంది!"

లోపలున్నాయన సంఘం మాట మన్నించారు.

అలా ముక్కుతుండగా ఒకరోజు కుడి గజ్జలో నిమ్మకాయంత ఉబ్బు లేచింది. మురళీమోహన్ గారు సంతోషించారు. నాలుగు రోజుల సరుకు దారి తప్పి అటు వచ్చిందనీ, మొత్తానికి కదిలిందనీ ఆయన లెక్క. పడుకుంటే అది గుడగుడమని లోపలికి పోయింది. సరైన దారికి మళ్లిందన్నమాట. మర్నాడు మరింత గట్టిగా ముక్కారు. బత్తాయి అయింది. ఇక అది పగలంతా బయటికి రాకుండా అరకిలో తూకపురాయి గుడ్డలో చుట్టి దానిమీద బిగించి కట్టుకున్నారు. గద్దె మీద ఎప్పటిలాగే కూర్చున్నారు.

ఆయన భార్య రాజకుమారి ఈ శుభవార్త వంటింట్లో కోడలికి చెప్పింది. కోడలు సింధూరి విజయనగరంలో ఆపరేషన్ల వార్డులో నాలుగేళ్లు నర్సుగా చేసిన పిల్ల. మగవాళ్లని ముట్టుకునే ఉద్యోగం పరువు తక్కువని పెళ్లికి ముందే మాన్పించారు.

"అత్తయ్యా, అది సరుకు కాదు, పేగు," అంది సింధూరి. "హెర్నియా అంటారు. ముక్కీ ముక్కీ అక్కడ కండ పలచబడిపోయింది. ముక్కినకొద్దీ పేగు దిగుతాది. మావయ్యగారిని నీళ్లు తాగమనండి, కూరలు తినమనండి. ముందు డాక్టరుకి సూపించండి. అది ఇరుక్కుందంటే పేనానికే ముప్పు."

"సీ! మావ గజ్జల్లో ఏటున్నాదో నీకెందుకే? ఎవులైనా ఇన్నారంటే ఏటనుకుంటారు?"

కడుపుకీ గజ్జకీ మధ్య దూరం జానెడు. పైనున్నది వీధి ఆస్తి. దాని కదలికల మీద అందరికీ హక్కుంది. కిందున్నది వంశగౌరవం. దాని పేరెత్తకూడదు.

సింధూరి మొగుడితో చెప్పింది. "నాన్నతో ఆ మాట నానెలాగంటానే? సిగ్గు కాదేటి?" అన్నాడు ప్రమోద్. అని, తండ్రికి ఎన్నిసార్లు అయిందో గ్రూపులో పెట్టాడు. ఆమె తోటకూర వండితే మావగారు కంచం తోసి, "నానేటి, మేకనా?" అన్నారు.

మాఘమాసంలో ఒక ఆదివారం ఉబ్బు బయటికొచ్చి మరి లోపలికి పోలేదు. రాయిలా గట్టిపడింది. మురళీమోహన్ గారు గద్దె మీదే పసరు కక్కుకుంటూ గిలగిల్లాడారు. గ్రూపులో నలభై ఒక్క సలహాలొచ్చాయి. ఆముదం రెట్టింపు చేయాలన్నదానికి మెజారిటీ వచ్చింది. వెంకటరావు గారు సీసా మూత తీశారు.

అప్పుడు సింధూరి కొట్లోకి వచ్చింది. పదిమంది మగాళ్ల మధ్య నిలబడి ఆ సీసా లాక్కుంది. "ఆముదం కాదు! గజ్జల్లో పేగు ఇరుక్కుపోయింది. కుళ్లిందంటే మనిషి దక్కడు. ఆటో పిలవండి!"

పదిమందీ తల దించుకున్నారు. రోగిని చూసి కాదు, గజ్జలన్న మాట విని. కళాసీ నూకయ్య ఒక్కడే, "పక్కకి తప్పండెహె," అని మనిషిని పప్పు బస్తాలా భుజానికెత్తుకున్నాడు. మాఘ ఆదివారం సూర్యదేవుడి గుడికొచ్చిన జనంలోంచి ఆటో దాటడానికి ముప్పావుగంట పట్టింది. ఆస్పత్రిలో జానెడు పేగు కోసి పారేశారు.

"ఇంకో గంట ఆగితే మిగిలేవారు కాదు. వేళకి తెచ్చిందెవరు?" అని డాక్టరు అడిగాడు.

"దేవుడండీ," అన్నాడు ప్రమోద్.

నెల తర్వాత సంఘం మురళీమోహన్ గారికి సన్మానం చేసింది. శాలువా కప్పి వెంకటరావు గారు మాట్లాడారు. "మృత్యువుతో పోరాడి గెలిచిన మహావర్తకుడు! దైవబలం, సంఘబలం ఆయన్ని కాపాడాయి! అయితే ఒక్క మాట. ఎంత ఆపదొచ్చినా ఆడకూతుళ్లు నలుగురిలో నోరు జారకూడదు. అది మన సంస్కారం. సభికులందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టవలసిందిగా కోరుతున్నాను."

అందరూ లేచారు. ముందు వరసలో ఏడుగురికి చప్పట్లు కుదరలేదు. లేస్తూనే ఒక చెయ్యి పంచె మీదుగా గజ్జలో అదిమిపట్టుకున్నారు. వేదిక మీద వెంకటరావు గారు కూడా మైకు ఒక చేత్తోనే పట్టుకున్నారు. రెండోది బల్ల చాటున ఉంది.

ఆడవాళ్ల వరసలోంచి సింధూరి ఒక్కొక్కరినీ చూసుకుంటూ పోయింది.

"ఏటే, అలాగ సూస్తన్నావు?" అంది రాజకుమారి.

"ఏటీ లేదత్తయ్యా," అంది సింధూరి.

కోడలు దారికొచ్చిందని, మంచి పిల్లని, ఇప్పుడు వీధిలో అందరూ చెప్పుకుంటున్నారు.