నూరు వాట్ల పరాభవం

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలో, శ్రావణ శుక్రవారం ఉదయం తొమ్మిదీ పది నిమిషాలకు, విదేశీ శునక భీకర గర్జారవ ప్రతిధ్వనితమూ, కాగితంపూల లతావృత ప్రహరీ పరివేష్టితమూ, బండరాళ్ళను పిండి చేసి బంగళాలు నిలిపిన మహానుభావుల నివాసభూమీ అయిన జూబ్లీ హిల్స్ గిరిదుర్గంలో, నిర్మాత పట్టాభిరామయ్య గారి నడిహాల్లో మొదలైన మహాసంగ్రామం ఇది. ఏనుగుల్లేవు, గుర్రాల్లేవు. ఉన్నవి రెండు బల్బులు. పోయేట్టున్నది ఒక ఉద్యోగం.

ఆ ఉద్యోగం బసవపున్నయ్యది. ప్రొడక్షన్ మేనేజర్. ఇరవై రెండేళ్ళ కాల్షీట్ సమర విజేత, తారాగణ కోపాగ్ని శమన ధురంధరుడు, పోస్టరు మీద ఎవరి పేరు ముందుండాలన్న విషయమై జరిగిన పదకొండు యుద్ధాల నుంచి ప్రాణాలతో బయటపడ్డ వీరుడు.

ఇది పన్నెండో యుద్ధం. సినిమాలో ఇద్దరు హీరోలు. ఒకరు నటప్రచండ ప్రభంజనరావు, యాభై నాలుగేళ్ళ కాలేజీ విద్యార్థి. రెండోవాడు నిన్నగాక మొన్న వచ్చిన శశిధర్. పదీ ఇరవైకి ముహూర్తం. పూజ కాగానే స్విచ్చి నొక్కితే, ప్లైవుడ్ బోర్డు మీద అద్దాల పెట్టెల్లో ఇద్దరి పేర్లూ వెలగాలి. ప్రభంజనరావు ముందే కబురంపాడు: కుర్రాడి పేరు తన పేరు కన్నా రవ్వంత ఎక్కువ మెరిసినా కారెక్కి వెళ్ళిపోతాడట.

"ఆయన కారెక్కితే నువ్వు మీ ఊరు తెనాలి బస్సెక్కు బసవపున్నయ్యా" అన్నాడు పట్టాభిరామయ్య. కాఫీ తాగుతూ, చాలా ప్రేమగా అన్నాడు.

కనుక మన వీరుడు వ్యూహం పన్నాడు. లైట్‌మన్ బాలనర్సయ్యను పిలిచి, కొండ మీద నుంచి సైన్యాన్ని ఉద్దేశించి మాట్లాడే సేనాధిపతిలా చెయ్యెత్తాడు.

"బాలనర్సయ్యా, విను. ఈ పరిశ్రమలో కుర్చీ, కాఫీ, కారు, ఏదైనా ముందు పెద్దాయనకే. కరెంటుకీ అదే మర్యాద. తీగ ముందు ఆయన బల్బులోకి దూరాలి. ఆయన తాగి వదిలిన ఎంగిలి కరెంటే కుర్రాడి బల్బుకి పోవాలి. పైగా పెద్దాయనకి నూరు వాట్లు, కుర్రాడికి నలభై. ఇంక వాడెలా మెరుస్తాడో నేనూ చూస్తాను."

"గట్ల ఒకదానెంక ఒకటి కలుపుతే ఎలుగు సక్కగ రాదు సార్. దేనికి దానికి తీగలియ్యాలె."

"అప్పుడు ఇద్దరూ సమానమైపోరూ?"

"మీ ఇష్టం. నాదేం పోతది" అని బాలనర్సయ్య తీగ చుట్టాడు.

పరీక్షగా స్విచ్చి నొక్కారు. శశిధర్ పేరు పసుపు ముద్దలా వెలిగింది. నటప్రచండ, దిగ్దిగంత విశ్రాంత కీర్తి ప్రభంజనరావు పేరు వెనక నూరు వాట్ల బల్బు ఆరబోతున్న బీడీలా ఎర్రగా మిణుకుమంది.

"తీగ తిప్పి కలుపు" అన్నాడు. కలిపారు. మార్పు లేదు. "రెండొందల వాట్లది పెట్టు" అన్నాడు. పెట్టారు. ఈసారి పెద్దాయన బీడీ కూడా ఆరిపోయింది; కుర్రాడు మరి కాస్త పుంజుకున్నాడు.

"సార్, ఐదొందలది తెమ్మంటరా?" అన్నాడు బాలనర్సయ్య, ముఖంలో ఏ భావమూ లేకుండా.

సరిగ్గా అప్పుడే, తొమ్మిదీ నలభైకి, యూసుఫ్‌గూడ నుంచి వచ్చే తెరెసా టీచరు మెట్లు దిగింది. నిర్మాతగారమ్మాయికి పదో తరగతి ఫిజిక్స్ చెప్పి వెళ్తోంది. బోర్డు చూసి ఆగింది.

"ఎవరు కలిపారండీ ఇలా?"

"నేనే కలపమన్నాను టీచరమ్మా. ముందున్నవాడికి కరెంటు తక్కువేమిటి?"

"తక్కువ కాదండీ. ఒకే దారిలో పెడితే ఇద్దరిలోనూ పోయేది ఒకే కరెంటు. మధ్యలో ఎవరూ తాగరు, ఎంగిలీ లేదు. నలభై వాట్ల దాంట్లో తీగ సన్నం, నిరోధం ఎక్కువ. ఒకే కరెంటు పోతున్నప్పుడు అడ్డు ఎక్కువున్నచోటే వెలుగు ఎక్కువ."

"అంటే పెద్దాయనకి వాట్లు పెంచినకొద్దీ..."

"అడ్డు తగ్గి ఇంకా మసకబారతారు."

బసవపున్నయ్య కుర్చీలో కూలబడ్డాడు. తెనాలి బస్సు హారన్ అతనికి స్పష్టంగా వినిపించింది. "మరి దారేది తల్లీ? దేనికి దానికి వేరే తీగలివ్వాలంటాడు బాలనర్సయ్య."

"బాలనర్సయ్యగారు చెప్పిందే. ఎవరి తీగలు వాళ్ళకి, నేరుగా మెయిన్ నుంచి. వోల్టేజి ఇద్దరికీ సమానం. అప్పుడు నూరు వాట్లది తనకి కావలసినంత లాక్కుని నూరు వాట్లలాగే వెలుగుతుంది."

సమానం అన్న మాట మన వీరుడి చెవిలో బాణంలా దిగింది. కానీ గేటు దగ్గర ప్రభంజనరావు కారు హారన్ మోగింది. ఇది తెనాలి బస్సుది కాదు. బాలనర్సయ్య స్క్రూడ్రైవరు గదాదండంలా తిరిగింది. రెండొందలది దిగింది, నూరు ఎక్కింది, తీగలు విడిపోయి మళ్ళీ కలిశాయి.

పదీ ఇరవైకి స్విచ్చి పడింది. ప్రభంజనరావు పేరు భగ్గున వెలిగింది. పక్కన శశిధర్ పేరు బుద్ధిగా వెలిగింది. నటప్రచండుడు కళ్ళజోడు తీసి, బోర్డు వెనక విడివిడిగా వెళ్తున్న తీగలు చూసి, కనుబొమ్మ ఎత్తాడు.

"కరెంటు ముందెవరికొస్తోందయ్యా?"

బసవపున్నయ్య తెరెసా వైపు తిరిగాడు. ముహూర్తం చూసి పోదామని ఆగిన ఆమె అందుకుంది. "మీ దారి మీదేనండీ. శశిధర్‌గారి బల్బు మాడిపోయినా మీది ఇలాగే వెలుగుతుంది."

"వాడు మాడిపోయినా?"

"ఇలాగేనండీ."

ఆయన ఆ మాటను తాంబూలంలా నమిలి, కుర్చీలో కూర్చుని, క్లాప్ కొట్టమన్నాడు.

టిఫిన్ల వేళ శశిధర్ మేనేజర్ని పక్కకి పిలిచాడు. "ఆయనది పెద్దగా వెలుగుతోంది. మరి నాకేం మర్యాదండీ?"

తెరెసా అప్పటికే బస్సుకి వెళ్ళిపోయింది. కానీ పాఠం ఒంటబట్టింది.

"మీ దారి మీదే బాబూ. పెద్దాయన ఆరిపోయినా మీరు వెలుగుతారు."

శశిధర్ ముఖం విప్పారింది. గొంతు తగ్గించి అడిగాడు. "ఎప్పుడు ఆరిపోతారంటారు?"

ఆ విధంగా అసహాయశూరుడు బసవపున్నయ్య తెనాలి బస్సును జయించి, నూరు వాట్ల బల్బును నూరు వాట్ల బల్బులాగే వెలిగించి, దిక్కులు పిక్కటిల్లేలా ఒక్క తుమ్ము తుమ్మాడు. జయభేరి మోగించడానికి బాలనర్సయ్య ఒక్కడే మిగిలాడు. అతను ఉప్మా తింటున్నాడు.