నాణెం వాపసు, ప్రాణం వాపు

ఉదయం తొమ్మిదింటికి అల్లుడు అన్న మాట "నాణెం". అత్తగారికి వినిపించిన మాట "ప్రాణం". ఈ రెంటికీ నడుమ ఉన్నవి ఒక తలుపూ, ఇరవైమూడు గోడగడియారాలూ.

అల్లుడు గడియారాల మెకానిక్. ఇంటి ముందుగదే కొట్టు. కొట్టన్నాక కొట్టేవి ఉంటాయి కదా, తొమ్మిది కాగానే గోడల మీద ఉన్నవన్నీ ఒక్కసారిగా తొమ్మిదేసి దెబ్బలు కొడతాయి. ఆ రోజు అతను వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆ మోతలో, ఇంట్లోవాళ్ళకి వినబడకుండా ఒక ఫోను చేసుకోవడం.

"మాష్టారూ, ఆ నాణెం పోతే నేను బతకను. వాపసుకి ఇవాళ సాయంత్రం ఆరింటిదాకే టైముంది. ఫీజు ఎంతైనా నేనే కట్టుకుంటాను," అన్నాడు ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టుకుని.

కాఫీ తెస్తున్న అత్తగారికి తలుపు ఇవతల, గంటల సందుల్లోంచి రాలిపడిన ముక్కలివి: ప్రాణం పోతే. బతకను. వాపు. సాయంత్రం ఆరింటిదాకే. ఫీజు ఎంతైనా. "వాపసు"లోని "సు"ని ఒక పెద్ద గడియారం మింగేసింది. "ప్రాణం"లోని "ప్ర" ఎక్కణ్ణుంచి వచ్చిందంటే మాత్రం చెప్పలేం. భయం వేసినప్పుడు చెవి తన సొంత అక్షరాలు కొన్ని కలుపుకుంటుంది. ఆవిడ కాఫీ గ్లాసు గచ్చు మీదే పెట్టేసి, గోడ పట్టుకుని వెనకగదిలోకి నడిచారు.

అల్లుడి భయం వేరే. అతనికి పాత నాణేలు ఇంటర్నెట్లో అమ్మే సరదా ఉంది. తన పేజీలో లావు అక్షరాలతో రాసి పెట్టుకున్నాడు: "అమ్మిన నాణెం వాపసు తీసుకోబడదు. అడిగి అవమానపడవద్దు." మూడు వారాల క్రితం ఎవరో ఒక రాజుగారి బొమ్మ ఉన్న వెండి నాణెం ఒకటి అమ్ముడుపోయింది. సరిగ్గా ఆ పూటే అత్తగారు తన దగ్గరున్న అదే రాజుగారి నాణెం తెచ్చి, నల్లబడింది, కాస్త మెరిపించమని అతని బల్ల మీద పెట్టారు. అది పెట్టినది పెట్టినట్టే ఉండగా, ఇతను హడావుడిలో రెంటిలో ఒకటి పొట్లం కట్టి పంపేశాడు. నాలుగు రోజుల కిందట, మిగిలినదాన్ని మెరిపిద్దామని కంటికి భూతద్దం తగిలించుకుంటే, అందులో రాజుగారికి నిక్షేపంలాంటి ముక్కు కనిపించింది. అత్తగారి రాజుకి ముక్కు ఉండదు. నలభై ఏళ్ళ బొటనవేలు దాన్ని అరగదీసేసింది.

ఆ బొటనవేలు పోయిన మావగారిది. ఈ కొట్టు ఆయనదే. అల్లుడికి పని నేర్పిందీ ఆయనే. భార్యతో ఎప్పుడు మాటా మాటా వచ్చినా, ఆయన ఆ నాణెం తీసి, "బొమ్మ నీది, బొరుసు నాది" అని ఎగరేసేవారట. ఆయన పోయాక అత్తగారు దాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేదు. మొట్టమొదట నమ్మి ఇచ్చింది అల్లుడికి. అతను దాన్ని తపాలాలో వేశాడు.

కొన్నది పక్క ఊళ్ళో ఉండే రిటైరైన లెక్కల మాష్టారు. ఆ సైటులో నియమం ఏమిటంటే, సరుకు చేరిన పద్నాలుగు రోజుల్లోపు, "చెప్పిన సరుకు ఇది కాదు" అని కొన్నవాడు ఒక బొత్తాం నొక్కితే చాలు. అమ్మినవాడు తన పేజీలో ఏం రాసుకున్నా సరే, రానూపోనూ తపాలా ఖర్చు భరించి వెనక్కి తీసుకోవాల్సిందే. సైటువాళ్ళు మాత్రం తమ అమ్మకం ఫీజు తిరిగివ్వరు. ఇంతా చేసి, అమ్మినవాడు నొక్కడానికి ఎక్కడా బొత్తాం లేదు. పద్నాలుగో రోజు సాయంత్రం ఆరు దాటితే అమ్మకం ఖాయం. ఆ పద్నాలుగో రోజు ఇవాళే.

నాలుగు రోజులుగా మెకానిక్ మాష్టారిని బతిమాలుతున్నాడు. మొదట తపాలా ఖర్చు తనదన్నాడు, తరవాత ఫీజులన్నీ తనవన్నాడు, ఆ తరవాత పైన ఒక గోడగడియారం ఉచితమన్నాడు. ఆయన లెక్కల మాష్టారే కానీ ఇతన్ని లెక్కచేయలేదు. వాపసు తీసుకోనని లావు అక్షరాలతో రాసినవాడు వాపసు చెయ్యమని ఏడుస్తున్నాడంటే ఆ నాణెంలో ఏదో ఉందని ఆయన లెక్క. మొన్న గంటసేపు బస్సులో కూర్చుని వెళితే కిటికీలోంచే మాట్లాడి, "నాకు పరమ తృప్తిగా ఉంది అబ్బాయ్. అడిగి అవమానపడవద్దని నువ్వే కదా రాశావు," అని తలుపు వేసేసుకున్నారు. అంతేకాక, తృప్తికి గుర్తుగా సైటులో ఐదుకి ఐదు చుక్కలూ ఇచ్చారు. పట్టపగలు చుక్కలు కనిపించడమంటే ఏమిటో మెకానిక్‌కి అప్పుడు తెలిసింది. ఇవాళ ఫోన్లో కూడా ఆయన అదే మాట చెప్పి పెట్టేశారు.

వెనకగదిలో ఈలోగా అత్తగారు, బట్టలు కుట్టే కూతురినీ, కరెంటు పనిచేసే కొడుకునీ కూర్చోబెట్టి విన్నదంతా చెప్పారు. ఎక్కడో వాపు వచ్చింది. డాక్టరు సాయంత్రం ఆరింటిదాకా గడువిచ్చాడు. అల్లుడు ఫీజుకి కూడా వెనకాడటం లేదంటే అసలు ఆశ లేదన్నమాట. అడుగుదామని కూతురు లేచింది కానీ, మనకి తెలిసిందని అతనికి తెలిస్తే ఆరు దాకా కూడా ఉండడని తల్లి కూర్చోబెట్టింది. ముగ్గురూ కళ్ళు తుడుచుకుని, నవ్వు ముఖాలు తగిలించుకుని కొట్టులోకి వచ్చారు.

ఆ ఇంట్లో ముగ్గురూ ఒకేసారి నవ్వడం మెకానిక్ పెళ్ళినాడు కూడా చూడలేదు. నాణెం సంగతి తెలిసిపోయింది, ఇక మిగిలింది శిక్షే అనుకున్నాడు. అత్తగారు నిండా పాలు పోసిన గ్లాసు చేతికిచ్చి, "అంతా తాగెయ్ బాబూ, మళ్ళీ ఎప్పుడో ఏమో," అన్నారు. బావమరిది ఎన్నడూ లేనిది అతని చెప్పులు తుడిచి గుమ్మం దగ్గర పెట్టాడు, అవి గుమ్మం బయటికి చూస్తున్నాయి. ఇంతలో భార్య వెనకనుంచి వచ్చి మెడ చుట్టూ టేపు వేసింది.

"ఉన్నట్టుండి చొక్కా ఏమిటి?" అన్నాడు.

"ఉన్నప్పుడే కదండీ వేసుకునేది," అంది భార్య.

ఆమె కొలిచింది వాపుని. పాత కొలతల పుస్తకం తీసి చూస్తే, ఏడాదిలో మెడ అర అంగుళం పెరిగింది. ఆమె పుస్తకం మూసి లోపలికి పరిగెత్తింది. మెడ కొలిచి ఏడుస్తూ పోయిన భార్యని చూసి, మెకానిక్ తన మెడ తనే తడుముకున్నాడు. మధ్యాహ్నమంతా గడియారాల ముళ్ళు అతన్ని పేరుపేరునా గుచ్చాయి. చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు చివరికి ఎవరిదో బల్లగడియారం లోపల పడిపోయింది.

నాలుగింటికి బావమరిది, చార్జింగ్ పెడతానని అతని ఫోను తీసుకెళ్ళి, పొద్దున తొమ్మిదింటి నంబరుకి తిరిగి చేశాడు. అవతలివాడు డాక్టరని అతని నమ్మకం.

"మా బావ పొద్దున మాట్లాడింది మీతోనే కదండీ. అది మీ చేతుల్లో ఉందని మాకు తెలిసిపోయింది. ఆరింటిలోపు మీరిక్కడుండాలి. లేకపోతే నేనే వచ్చేస్తా. కరెంటు పని చేసేవాణ్ణి, మీ ఇల్లు పట్టుకోవడం ఎంతసేపు."

అటునుంచి మాష్టారు, మరి ఫీజులు, అని ఏదో గొణిగారు.

"ఫీజు సంగతి నాకొదిలెయ్యండి," అన్నాడు బావమరిది, ఆప్యాయంగా. "అది నా చేతిలో పని."

మాష్టారు తన ఇంటి గోడ మీదున్న ఫీజుల పెట్టెకేసి చూశారు. ఇంటి కరెంటంతా ఆ పెట్టె మీదే ఆధారపడి ఉందని ఇన్నేళ్ళకి ఆయనకి తట్టింది. చొక్కా బొత్తాలు తప్పుగా పెట్టుకుని, నాణెం ఒక కవర్లో వేసుకుని బస్సెక్కారు.

ఐదున్నర అయింది. భార్య పాత ఆసుపత్రికే తీసుకెళ్ళాలంటోంది, బావమరిది కొత్త ఆసుపత్రంటున్నాడు. గుసగుసలు కాస్తా గొడవ అయ్యాయి. అత్తగారు ఇద్దరినీ ఆపి, కొట్టులోకి వచ్చి, అల్లుడి ఎదురుగా నిలబడి చెయ్యి చాపారు.

"మావయ్యగారి నాణెం ఇటివ్వు బాబూ. ఎగరేద్దాం. బొమ్మ పడితే పాత ఆసుపత్రి."

అతనికి వినిపించింది మొదటి వాక్యమే. స్టూలు మీద కూలబడ్డాడు. నుదుటి మీద చెమట ధారగా కారింది. "అమ్మా, మొదలైంది," అంది భార్య, గోడకి ఆనుకుని. గడియారాలు టిక్కుటిక్కుమంటున్నాయి. ఏ దిక్కు చూసినా అతనికి దిక్కులేదు.

అప్పుడు గుమ్మంలో ఒక పెద్దాయన కనిపించారు. రెండు చేతులతో ఒక కవరు పట్టుకుని ఉన్నారు. బావమరిది ఎదురెళ్ళి, డాక్టరు గారొచ్చారని కేకేసి, ఫోన్లో మాట్లాడింది తనేనని చెప్పుకున్నాడు. పెద్దాయన ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఇదుగో బాబూ, తీసుకో. నాకు పైసా వద్దు. మా ఫీజుల జోలికి మాత్రం రావద్దు. ఇంట్లో మా ఆవిడ ఒక్కతే ఉంది."

ఆ కవర్లో ఏముందో తెలిసినవాడు ఆ ఇంటివాళ్ళలో ఒక్కడే. అతను స్టూలు మీంచి లేచి, అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"అత్తయ్యా, మీ నాణెం పోగొట్టింది నేనే. పొరపాటున అమ్మేశాను. వెనక్కి ఇమ్మని నాలుగు రోజులుగా ఈయన్నే బతిమాలుతున్నాను."

"పోయేది నాణెమా?" అన్నారు అత్తగారు. "ప్రాణం కాదూ?"

"ప్రాణమేమిటత్తయ్యా?"

"మరి వాపో?"

"వాపసు."

"అయితే ఫీజు డాక్టరుది కాదా?" అన్నాడు బావమరిది.

"సైటువాళ్ళదిరా."

"కరెంటుది కాదా?" అన్నారు మాష్టారు, కవరు మెల్లిగా గుండెకి హత్తుకుంటూ.

"మరి మెడ అర అంగుళం ఎందుకు పెరిగిందండీ?" అంది భార్య. తిండి వల్ల, అని అత్తగారు తేల్చేశారు.

అందరికీ భయం పోయింది. అక్కడే చిక్కొచ్చి పడింది. భయం పోగానే మాష్టారికి లెక్క గుర్తొచ్చింది. కవరు జేబులో పెట్టేసుకుని, గొంతు సవరించుకుని, తరగతిలో చెప్పినట్టు చెప్పారు. ఇది మామూలు నాణెం కాదు. దీనికి రెండువైపులా బొమ్మే. టంకశాలవాళ్ళు పొరపాటున ముద్రించినది. ఇలాంటిది ప్రపంచం మొత్తంలో ఒక్కటుంటే గొప్ప. మరో పావుగంట గడిస్తే గడువు తీరుతుంది, అప్పుడిక న్యాయంగా తనదే. మావగారి జ్ఞాపకమని భార్య కన్నీళ్ళు పెట్టుకున్నా ఆయన కరగలేదు. బావమరిది ఈసారి నిజంగానే ఫీజు సంగతి ఎత్తాడు. పక్కనే పోలీసు స్టేషను చూశానన్నారు మాష్టారు.

అందరికంటే వింతగా ఉన్నది అత్తగారు. రెండువైపులా బొమ్మే అని విన్నాక కూడా ఆవిడ ముఖంలో ఆశ్చర్యం లేదు.

మెకానిక్ మాత్రం భూతద్దం కంటికి తగిలించుకుని, ఒక్కసారి చూపించి పట్టుకెళ్ళమని అడిగాడు. మాష్టారు నాణెం వదలకుండా, రెండు వేళ్ళతో పట్టుకుని దీపం కిందికి చాపారు. అంచు లోపల, వెంట్రుకలో సగం మందాన, గుండ్రంగా ఒక గీత ఉంది. రెండు నాణేలని చెరిసగం అరగదీసి, ఒకదాంట్లో ఒకటి బిగించిన అతుకు అది. అంత సన్నటి అతుకు వేయగల చెయ్యి అతనికి ఒకటే తెలుసు. పని నేర్చుకున్న మొదటి ఏడాది ఆ చేతితోనే మొట్టికాయలు తిన్నాడు.

"ముద్రణ తప్పు కాదు మాష్టారూ, మా మావగారి పని. నాణెంగా దీనికి నాణ్యత లేదు. వెండి బరువు వరకే వెల," అంటూ భూతద్దం ఆయనకి అందించాడు.

మాష్టారు చూశారు. మళ్ళీ చూశారు. గోడ మీద ఇరవైమూడు గడియారాలూ ఆరుకి మూడు నిమిషాలు తక్కువ చూపిస్తున్నాయి. ఆయన గబగబా ఫోను తీశారు. కళ్ళజోడు దొరకలేదు. దొరికాక బొత్తాం దొరకలేదు.

"ఎక్కడ నొక్కాలి బాబూ, కాస్త చెప్పు. వాపసు తీసుకుంటావు కదూ?" అన్నారు, పొద్దుటినుంచీ ఆ ఇంట్లో అందరినీ పట్టుకున్న కంగారుతో.

"అడిగి అవమానపడవద్దని రాశాను కదండీ," అన్నాడు మెకానిక్, కానీ వేలు పట్టుకుని మరీ బొత్తాం చూపించాడు. "చెప్పిన సరుకు ఇది కాదు" అని తెర మీద పడేసరికి కొట్టంతా ఆరు కొట్టింది. ఈసారి ఎవరూ ఏమీ తప్పుగా వినలేదు, ఎందుకంటే ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

నాణెం అత్తగారి అరచేతిలోకి వచ్చింది. ఆవిడ ముక్కులేని రాజుని ఒక వైపు చూసి, తిప్పి మరో వైపు చూశారు.

"మీకు తెలుసా అత్తయ్యా?" అన్నాడు అల్లుడు.

"పెళ్ళయిన రెండో ఏడాదే చూశాను. నాకు తెలిసిపోయిందని ఆయనకి తెలిస్తే, పాపం, ఓడిపోవడం మానేసేవారు."

మాష్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆ తరవాత, బస్సు చార్జీలతో కలిపి రానూపోనూ ఖర్చు, సైటువాళ్ళ ఫీజు, ఇవన్నీ ఎవరు పెట్టుకుంటారని మర్యాదగా గుర్తుచేశారు. అల్లుడు అత్తగారికేసి చూశాడు. ఆవిడ నాణేన్ని బొటనవేలి మీద పెట్టుకున్నారు.

"బొరుసు పడితే నేను. బొమ్మ పడితే నువ్వు."

నాణెం పైకి లేచి, నేల మీద పడి, చాలాసేపు గిర్రున తిరిగింది. అది ఆగేదాకా అందరూ ఊపిరి బిగబట్టే చూశారు.