గుంటను తిట్టడానికి లైఫ్ ట్యాక్స్

...అందుకే అంటున్నాను, ఎలక్ట్రిక్ కార్లకు రోడ్డు పన్ను వేయాల్సిందే! వేసి ఊరుకోకూడదు, రెండింతలు వేయాలి. అడగడానికి మొహమాటపడే ప్రభుత్వం ఉంటే ఇంటికి మనిషిని పంపించైనా వసూలు చేయాలి.

నాకు జ్వరమేమీ లేదు. రెండు నెలలుగా ఇదే ఆలోచిస్తున్నాను. కారులో ఆలోచిస్తున్నాను, దిగి ఆలోచిస్తున్నాను, దానికి ఛార్జింగ్ పెట్టి పక్కన స్టూలు వేసుకుని ఆలోచిస్తున్నాను. ఎలక్ట్రిక్ కారు మనిషికిచ్చే మొదటి వరం తీరిక.

పన్ను లేని కారు ఎంత ప్రమాదకరమో చెబుతాను, వినండి.

నేను గురజాలలో ఉంటాను. ఒంటరివాణ్ణి, కాలేజీలో పాఠాలు చెప్పుకుంటాను. నేను కారు కొన్న నెలలో కృష్ణానదికి అవతల ఎలక్ట్రిక్ కారుకు లైఫ్ ట్యాక్స్ లేదు, ఇవతల ఉంది. ఇవి మారుతుంటాయి. మీరిది చదివే వేళకు అటుది ఇటూ, ఇటుది అటూ అయి ఉండవచ్చు. పల్నాడు వాళ్ళకు అవతలి గట్టున ఒక చుట్టం తప్పకుండా ఉంటాడు. నాకు మిర్యాలగూడలో అక్క ఉంది. అక్క ఉన్నాక బావ కూడా ఉంటాడు కదా, పేరు అమరేశ్వరరావు.

"నా పేరు మీద కొనెయ్ బామ్మర్దీ, ఏమైతది? గింత దానికి గంత ఆలోచన ఎందుకు?" అన్నాడు బావ ఫోన్లో.

కొనేశాను. కాగితాల మీద కారు బావది. డ్రైవింగూ, గుంటలూ నావి.

తొలి రోజుల్లో ఎంత గర్వమో! పెట్రోలు బంకులో వరసగా నిలబడ్డవాళ్ళను చూసి జాలిపడేవాణ్ణి. పాపం, లీటరు లీటరుకీ ఎంతో కొంత పన్ను సమర్పించుకుంటున్నారు. నేను అదే రోడ్డు మీద ఉచితంగా జారిపోతున్నాను. చప్పుడైనా లేకుండా!

ఆ చప్పుడు లేకపోవడంతోనే వచ్చింది తంటా.

పెట్రోలు కారులో ఇంజను మోత చాలా సంగతులను కప్పేస్తుంది. ఇందులో ఆ సౌకర్యం లేదు. కింద గుంట వినిపిస్తుంది, లోపల మనసు వినిపిస్తుంది. నడికుడి వైపు సిమెంటు లారీలు తొక్కి వదిలిన రోడ్డు మీద టైరు దబ్బున దిగినప్పుడల్లా అలవాటు కొద్దీ నోరు తెరిచేవాణ్ణి. "మనం కట్టే పన్నులన్నీ..." అనేసరికి లోపలి నుంచి ఎవరో నెమ్మదిగా అడిగేవారు: ఈ కారుకు నువ్వెప్పుడు కట్టావు?

నోరు మూసుకునేవాణ్ణి.

పాఠకులారా, ఇరవై ఏళ్ళుగా నా ఆరోగ్యం ఆ తిట్టు మీదే నిలబడింది! పొద్దున్నే రోడ్డును తిట్టుకుంటూ కాలేజీకి పోయినవాడు పిల్లల్ని తిట్టడు, ప్రిన్సిపాల్‌ను తిట్టడు, తనను తాను అసలే తిట్టుకోడు. ఆ తిట్టు కాస్తా ఆగిపోయేసరికి అది ఎక్కడికి పోతుంది? లోపలికే పోయింది. నెల తిరక్కుండా బీపీ మాత్ర మొదలైంది.

ఇక నంబరు ప్లేటు సంగతి. నది దాటి వస్తుంటే చెక్‌పోస్టులో ఒక కానిస్టేబుల్ అవతలి రాష్ట్రం నంబరు చూసి డిక్కీ తీయించాడు. లోపల జవాబు పత్రాల కట్టలున్నాయి. "సీసాలేం లేవా సార్?" అన్నాడు నిరాశగా. లేనందుకు నేనే క్షమాపణ చెప్పుకున్నాను. కాలేజీ గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ "ఎవరు కావాల సార్ మీకు?" అన్నాడు. మా సెంటర్లో సోడా తాగుదామని కారు ఆపితే, అడగకుండానే ఒక పెద్దాయన వచ్చి "మాచర్లకైతే ఇట్టా పోవాల" అని దారి చూపించాడు. పుట్టి పెరిగిన ఊళ్ళో నేను దారి తప్పిన పరాయివాణ్ణి! చేయి చూపించిన వైపే కాస్త దూరం పోయి, ఆయన కనుమరుగయ్యాక వెనక్కి తిరిగాను.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది మా సందు మలుపులో ఉంది.

మా సందు మెయిన్ రోడ్డులో కలిసేచోట ఒక గుంట ఉంది. మా పక్కింటి ఆనందరావు మాస్టారు రిటైరైన హెడ్మాస్టరు. ఆయన భార్య ప్రేమమ్మ గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. రెండు నెలల కిందట ఇద్దరూ స్కూటరు మీద చర్చికి పోతుంటే చక్రం ఆ గుంటలో దిగింది. ఆమె కింద పడుతూ చేయి ఆనించింది. కుడి మణికట్టు విరిగింది.

మాస్టారు అర్జీ పెడదామన్నారు. రాయడం నా వంతు. మొదటి వాక్యం మాత్రం ఆయనే చెప్పారు: "సక్రమంగా పన్నులు చెల్లించు పౌరులమైన మేము..."

"ఆ ముక్క అవసరమా మాస్టారూ?" అన్నాను.

"అది లేకపోతే అర్జీకి బలమేదయ్యా?"

రాశాను. సందులోని పంతొమ్మిది ఇళ్ళలో పద్దెనిమిది ఇళ్ళ వాళ్ళు సంతకాలు పెట్టారు. మొట్టమొదట ప్రేమమ్మది. ముప్పై ఏళ్ళు హాజరు పట్టీలో కుడిచేత్తో సంతకం చేసిన మనిషి, చేతికి కట్టు ఉండడంతో ఎడమచేతి బొటనవేలు సిరాలో ముంచి ముద్ర వేసింది. దాని కింద ఖాళీ నాకోసం వదిలారు.

నేను పెట్టలేకపోయాను. కళ్ళజోడు ఇంట్లో ఉందన్నాను. మర్నాడు పెన్ను రాయడం లేదన్నాను. మూడోనాడు దొడ్డిదారిన కాలేజీకి పోయాను.

"పంతొమ్మిదీ ఉండాల్సిందే," అన్నారు మాస్టారు. "ఒకటి తగ్గితే ఆఫీసులో ఆ ఒక్కదాని గురించే అడుగుతారు." అర్జీ ఆయన దగ్గరే ఉండిపోయింది. అవతల వానలు మొదలయ్యాయి. గుంట వెడల్పయింది.

ఒకరోజు ప్రేమమ్మ గోడ మీదుగా పిలిచింది. "ఏంది తమ్ముడూ, కారు కొన్నావా, నోరు అమ్ముకున్నావా? ఈ గుంటని నువ్వు తిట్టినట్టు సందులో ఎవరూ తిట్టేవాళ్ళు కాదే! నేను చెవులు మూసుకుని చర్చికి పోయేదాన్ని. ఇప్పుడేమో గుళ్ళో పూజారిలాగా మెల్లగా దాటి పోతన్నావు."

ఆరోజే బావకు ఫోన్ చేశాను. కారు నా పేరుకు మార్చమని, నదికి ఇవతలికి పంపించే కాగితాలు తీయించమని అడిగాను. "ఏంది బామ్మర్దీ, మా దిక్కు మీద అలిగినవా?" అని బాధపడ్డాడు. అలక కాదు బావా, బీపీ అన్నాను.

నరసరావుపేట వెళ్ళి లైఫ్ ట్యాక్స్ కట్టాను. కౌంటర్లో ఉన్నాయన నన్ను పైనుంచి కిందకు చూశాడు.

"పట్టుకున్నారా సార్?"

"లేదు."

"నోటీసేమైనా వచ్చిందా?"

"లేదు."

"మరెందుకు సార్ కడతన్నారు?"

"తిట్టుకోవడానికి," అన్నాను. ఆ కారణానికి ఫారంలో గడి లేదు. ఆయన ఏమీ రాసుకోలేదు.

చూడండి, పన్ను కట్టినవాడికి రోడ్డు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. తిట్టే హక్కు మాత్రం రసీదుతో పాటే వస్తుంది! దరఖాస్తు అక్కర్లేదు, ఆధార్ అక్కర్లేదు, రేపు రమ్మనరు. ఇంత చురుకైన సేవ మరేదైనా ఉంటే నాకు రాయండి. దాన్ని ఎలక్ట్రిక్ కార్ల వాళ్ళకు మాత్రం దక్కకుండా చేసి, దానికి ప్రోత్సాహకం అని పేరు పెట్టడం ఏం న్యాయం?

తిరిగొస్తూ మా మలుపులో గుంటను తప్పించలేదు. అద్దం దించి, తిన్నగా అందులోకే దించాను. తర్వాత మాట్లాడింది అచ్చుకెక్కదు. సగంలో ప్రేమమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఈసారి చెవులు మూసుకోలేదు.

నేరుగా వాళ్ళింటికే పోయాను. మాస్టారు అట్టపెట్టె తెరిచి అర్జీ తీశారు. దాని అడుగున ఇంకేవో పాత కాగితాలు, అంచులు పసుపు తిరిగినవి.

"అవేంటి మాస్టారూ?"

"ఇదే గుంట మీద పాతవి. ఆరు. నకళ్ళు దాచా."

తిరగేశాను. ఆరింటిలోనూ అదే మొదటి వాక్యం. కింద స్కూటర్ల వాళ్ళు, ఆటోల వాళ్ళు, లీటరు లీటరుకీ కట్టినవాళ్ళు. నాలుగింటిలో నా సంతకమే ఉంది, పెట్రోలు కారు ఉన్న రోజుల నాటిది, వంకర లేకుండా, ధైర్యంగా. ఆ అర్జీల్లో పన్ను కట్టనివాడు ఒక్కడూ లేడు.

నేను కట్టకపోవడం వల్లే ఆ గుంట ఉందేమోనని రెండు నెలలు కుమిలిపోయాను! అది నా కారు కంటే చాలా సీనియరు.

"ఇప్పుడైనా పూడుస్తారంటారా?" అన్నాను.

"ఏడోది కదా. చూద్దాం," అన్నారు మాస్టారు.

"చూసింది చాల్లే గానీ," అంది ప్రేమమ్మ. కుడిచేతి వేళ్ళు ఇంకా సరిగా ముడుచుకోవడం లేదు. ఎడమచేత్తో పెన్ను నా వైపు తోసింది. "నా సిరా ఎప్పుడో ఆరిపోయింది. పెట్టు తమ్ముడూ."

ఆమె వేలిముద్ర కింద సంతకం పెట్టాను.