చిలీ నుంచి అర వాటు

ఆ ఆదివారం పొద్దున సీతారామారావు పెట్టుకున్న పని ఒక్కటే. ఇంట్లో రేడియో పెట్టగానే వినిపించే గరగర ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోవాలి. సాయంత్రం ఆరింటిలోగా దాన్ని ఆపించాలి.

సీతారామారావుది తెనాలి. మాదాపూర్‌లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. రింగు రోడ్డు ఎటునుంచి పోతుందోనని జనమంతా చేవెళ్ళ దాకా భూముల వెంట పరుగెడుతున్న రోజులవి. అతను మాత్రం భూమి కోసం కాక నిశ్శబ్దం కోసం మొయినాబాద్ శివార్లలో, తోటల మధ్య ఓ ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. అతనికి రేడియో పిచ్చి ఉంది. ఆ పిచ్చికి ప్రభుత్వం లైసెన్సు కూడా ఇచ్చింది. జీరో బల్బు కూడా వెలగని పవరుతో, తన చేత్తో చేసుకున్న చిన్న పెట్టెతో, మోర్సు కోడులో చుక్కలూ గీతలూ కొట్టి అవి ఎంత దూరం వినిపిస్తాయో చూడటం అతని సరదా. పెద్ద పవరు పెట్టి ఎవరైనా అరుస్తారు, గుసగుసగా పిలిచి పలికించుకోవడమే గొప్ప అని అతని వాదన. ఆ వాదన వినేవాళ్ళు ఇంట్లో లేరు. చిలీ దేశంలో ఒకడున్నాడు.

అతని పేరు ఎర్నెస్తో. రిటైరైన బడిపంతులు. అర వాటుతో ఒకరినొకరు పలకరించుకోవాలని ఇద్దరూ కొన్నేళ్ళుగా ప్రయత్నిస్తున్నారు. ఈమెయిళ్ళలో మోకాళ్ళ నొప్పుల దాకా చెప్పుకున్నారు గానీ, గాలిలో ఒక్క చుక్కయినా అందుకోలేదు. ఇప్పుడు ఎర్నెస్తో సొంత ఇల్లు అమ్మి, పైన ఏరియల్ తీగ కట్టుకోనివ్వని ఫ్లాటుకు మారిపోతున్నాడు. ఈ సాయంత్రం ఆరింటికి ఆఖరి ప్రయత్నం, అది దాటితే ఇంక లేదు.

సీతారామారావు ముందు తన ఇంటి మెయిన్ స్విచ్చి ఆపి, బ్యాటరీ రేడియోలో విని చూశాడు. గరగర అలాగే ఉంది. కాబట్టి తప్పు బయటి లోకానిదేనని తేల్చుకున్నాడు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఒక చేత్తో చిన్న రేడియో, మరో చేత్తో గుండ్రంగా వంచిన రాగి తీగ పట్టుకుని వీధిలోకి నడిచాడు. మెడలో ఆఫీసు కార్డు వేలాడుతోంది. గేటు తాళంచెవి దానికే కట్టుకోవడం అతని అలవాటు.

మలుపులో శంకరమ్మ చాయ్ హోటల్ ఉంది. అందులో ఫ్రిజ్ ఉంది, గ్రైండర్ ఉంది, ఫ్యాను ఉంది. మీటరు లేదు. వెనక స్తంభం మీది తీగకు ఓ కొండి తగిలించి ఉంది. సీతారామారావు హోటల్ వెనక్కి వెళ్ళి, రాగి తీగను పైకెత్తి, నెమ్మదిగా తిప్పాడు. రేడియో బర్రుమంది.

"ఏం జూస్తున్నరు సార్?" అంది శంకరమ్మ.

"ఏం లేదండీ. ఎక్కడో తీగ వదులుగా తగిలించారు. మీ వెనకాలే గట్టిగా అరుస్తోంది."

"కరెంటు అరుస్తదా సార్?"

"అరుస్తుందండీ. మనకి వినపడదు, దీనికి వినపడుతుంది. ఎంత దాచినా దాగదు."

శంకరమ్మ గ్లాసు కడగడం ఆపింది. "జర చాయ్ తాగుండ్రి సార్."

"వద్దండీ, డ్యూటీలో ఉన్నా," అన్నాడు సీతారామారావు. అది జోకు. అతను అలాంటివి అరుదుగా వేస్తాడు, వేసినప్పుడు నవ్వడు.

అతను మలుపు తిరగ్గానే శంకరమ్మ వెదురుగడతో కొండి దింపి, రాజేశ్వర్‌కు ఫోను చేసింది.

రాజేశ్వర్‌కు చేవెళ్ళలో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం, మొయినాబాద్‌లో ఫంక్షన్ హాలు ఉన్నాయి. సీతారామారావు ఉంటున్న ఇల్లూ ఆయనదే. చుట్టుపక్కల కరెంటు దొంగిలించే కొండ్లకు వాడిన తీగలో చాలా మటుకు ఆయన దుకాణంలో కొన్నదే.

"అన్నా, నీ ఇంట్ల కిరాయికున్న సారు సాఫ్ట్‌వేర్ గాదు," అంది శంకరమ్మ. "కరెంటు దొంగలను పట్టే విజిలెన్సు. మెడల కార్డున్నది, చేతిల మిషనున్నది. డ్యూటీల ఉన్ననని సారే చెప్పిండు."

"నాకు అప్పుడే డౌటొచ్చింది," అన్నాడు రాజేశ్వర్. "కిరాయి బేరం గూడ ఆడలే."

గంటలో ఆయన శంకర్‌పల్లి కూరగాయలు ఓ గంపెడు, గడ్డ పెరుగు ఓ కుండెడు పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళాడు. సీతారామారావు భార్య అరుణకుమారి వరండాలో పేపరు చదువుతోంది.

"సార్ లేరా మేడం?"

"పొద్దున్నే వెళ్ళారండీ. ఇల్లిల్లూ తిరుగుతున్నట్టున్నారు."

"సార్ ఈ పని ఎప్పటిసంది చేస్తున్నరు?"

"పెళ్ళికి ముందు నుంచీ. అందరికీ సాఫ్ట్‌వేర్ అనే చెప్తారు గానీ, ప్రాణమంతా ఇందులోనే."

రాజేశ్వర్ మెట్టు మీద కూర్చున్నాడు. "చిన్న చిన్నవి గూడ పట్టుకుంటరా? ఒక్క బల్బు, గంతనే..."

"బల్బంటే చాలా ఎక్కువండీ. అర వాటు చాలు ఆయనకి. సముద్రాల అవతల ఉన్నా వదలరు. మూడేళ్ళుగా చిలీలో ఒకాయన వెంట పడుతున్నారు. ఇవాళ సాయంత్రం ఆరింటికి పట్టేస్తానంటున్నారు."

"ఆరింటికా?"

"ఆరింటికే. ఈలోగా ఈ చుట్టుపక్కల సంగతి తేల్చాలట."

రాజేశ్వర్ గంప అక్కడే వదిలి లేచాడు. ఈ ఊరివాళ్ళది ఎంత మంచి మనసోనని అరుణకుమారి అనుకుంది.

ఆ తర్వాత రాజేశ్వర్ ఫోను చల్లబడలేదు. అజీజ్‌నగర్ రిసార్టుకు చెప్పాడు, మోకిల వెంచరుకు చెప్పాడు, కోళ్ళ షెడ్లవాళ్ళకు చెప్పాడు. చెప్పిన ప్రతివాడూ ఇంకో నలుగురికి చెప్పాడు. విదేశాల్లో కేసులు పట్టే పెద్దసారు దిగిండని మాట పాకింది. సొంత ఫంక్షన్ హాల్లో ఓ నిశ్చితార్థం జరుగుతుండగానే రాజేశ్వర్ కొండి పీకించాడు. ఏసీలూ పాటలూ ఆగాయి. పెళ్ళివారు చెట్ల కిందికి వచ్చి ఉంగరాలు మార్చుకున్నారు. పాటలు లేకపోవడంతో రెండు పక్షాలవాళ్ళూ మాట్లాడుకోవలసి వచ్చింది, అందువల్ల చిన్న గొడవ కూడా అయింది.

ఇవేమీ సీతారామారావుకు తెలియదు. తను ఎటు వెళితే అటు గరగర చచ్చిపోతోంది. పైగా ప్రతి గుమ్మంలోనూ మజ్జిగ ఇస్తున్నారు. వాతావరణం అనుకూలించిందని అతను నమ్మాడు.

అటు సబ్‌స్టేషన్‌లో కరెంటు వాడకం ఉన్నట్టుండి సగానికి పడిపోయింది. ముహూర్తాల రోజున ఇదేమిటని అక్కడివాళ్ళు పైకి చెప్పారు. పైన అసలైన విజిలెన్సువాళ్ళకు అర్థమైంది ఒక్కటే, తాము వస్తున్నామని ఎవరో ముందే చెప్పేశారని. నిజానికి వాళ్ళు వద్దామనుకోలేదు. కానీ ఊరంతా ఎదురుచూస్తుంటే వెళ్ళకపోతే బాగుండదని జీపెక్కారు.

పొద్దు వాలుతుండగా సీతారామారావు ఇంటికి చేరి రేడియో పెట్టాడు. లోకమంతా సద్దుమణిగింది. కానీ ఒక్క చోటి నుంచి గరగర ఇంకా వస్తోంది. రాగి తీగ పట్టుకుని వెతుకుతూ పోతే తన ఇంటి వెనక గోడ దగ్గరే తేలాడు. ఇంటి మీటరుతో సంబంధం లేకుండా, స్తంభం తీగకు ఓ కొండి. దాని నుంచి బోరు మోటారుకూ తోట దీపాలకూ తీగలు. పొద్దున మెయిన్ ఆపినా గరగర ఆగకపోవడానికి కారణం అతనికి అప్పుడు తెలిసింది. రాజేశ్వర్ ఊళ్ళో అన్ని కొండ్లూ తీయించాడు గానీ, విజిలెన్సు సారున్న ఇంటి గోడ ఎక్కడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

సీతారామారావుకు చిరాకు పడే తీరిక లేదు. దండెం కర్రతో జాగ్రత్తగా కొండి దింపి, తీగ చుట్ట చుట్టి, వరండాలో పక్క కుర్చీ మీద పెట్టుకుని హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు.

రేడియోలో అంత నిశ్శబ్దం అతను ఎన్నడూ వినలేదు. ఆ నిశ్శబ్దం అడుగున, దోమ పాట కంటే సన్నగా, చుక్కా గీతా. ఎర్నెస్తో పిలుస్తున్నాడు. సీతారామారావు అర వాటుతో బదులు కొట్టాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత, తడబడుతూ, ఒక్కో అక్షరం: "రావ్. వినిపిస్తున్నావు. రావ్."

అతనికి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు, చెయ్యి మోర్సు మీట మీద ఉంది.

అప్పుడే గేటు ముందు జీపు ఆగింది. వెనకాలే సగం ఊరు వచ్చింది. విజిలెన్సు అధికారి దారిపొడవునా చూసుకుంటూ వచ్చాడు. ఎక్కడా ఒక్క కొండి లేదు. ఉన్న ఒక్కటీ ఈ కుర్చీ మీద ఉంది.

"ఇది ఎవరిదండీ?"

సీతారామారావు ఎడమ చెయ్యి పైకెత్తాడు. "ఒక్క నిమిషం. చిలీ మాట్లాడుతోంది."

అధికారి నిమిషం ఆగాడు. ఎర్నెస్తో వీడ్కోలు కొట్టడం పూర్తయ్యాక మళ్ళీ అడిగాడు.

"మా ఇంటి మీదిదేనండీ," అన్నాడు సీతారామారావు, కళ్ళు తుడుచుకుంటూ. "ఇప్పుడే తీశాను."

"ఒప్పుకుంటున్నారా?"

"అబద్ధమెందుకండీ. పొద్దున్నుంచీ దీని కోసమే తిరుగుతున్నా."

అంత సులువుగా ఒప్పుకున్న మనిషిని అధికారి తన సర్వీసులో చూడలేదు. మర్యాదగా కుర్చీ అడిగి, కూర్చుని, కేసు రాశాడు. అరుణకుమారి ఆయనకు గడ్డ పెరుగుతో మజ్జిగ చేసి ఇచ్చింది. జనంలో వెనక నిలబడిన రాజేశ్వర్, ఇల్లు ఎవరిదని అడుగుతారేమోనని ఇంకో నలుగురి వెనక్కి జరిగాడు.

వారం తిరక్కుండా ఎర్నెస్తో దగ్గర్నుంచి ఈమెయిలు వచ్చింది. కొత్త ఫ్లాటు బాగుందట, ఆ సాయంత్రం తలచుకుంటే మోకాళ్ళ నొప్పి కూడా గుర్తు రావడం లేదట. సీతారామారావు దాన్ని రెండుసార్లు చదివి, కేసు పని మీద కరెంటాఫీసుకు బయల్దేరాడు.

అక్కడ వరుస బయటి దాకా ఉంది. అందరికంటే ముందు శంకరమ్మ, ఆమె వెనక రాజేశ్వర్. అతన్ని చూడగానే అందరూ పక్కకు జరిగి దారి ఇచ్చారు.

"తప్పు జేస్తె తనను తాను గూడ ఇడిసిపెట్టలే," అంది శంకరమ్మ మెల్లగా.

తన మీద తనే కేసు రాయించుకున్న ఆఫీసరుతో లోపాయికారీగా మాట్లాడుకోవడం అయ్యే పని కాదని, మొయినాబాద్ మొత్తం మీటర్లకు దరఖాస్తు పెట్టుకుంది.