గుండీల మేస్త్రీ ఇంట్లోకి వృద్ధి వచ్చిన వైనం

దేశాభివృద్ధి తమ గడప తొక్కడం లేదని సణిగేవారి నోళ్లు ఇక మూతపడక తప్పదు. అది గుండీల మేస్త్రీ ఇంట్లోకి స్వయంగా వచ్చింది. గడప దాటి కాదు, నేల పగలగొట్టుకుని వచ్చింది.

మేస్త్రీ కాపురం రేవు పక్కన ఒక పాత గిడ్డంగి పై అంతస్తులో. ఒకటే గది. కిటికీ దగ్గర కాలితో తొక్కే యంత్రం, దాని వెనక మంచం, మంచం మీద అత్తగారు, మూల పొయ్యి దగ్గర భార్య. ఆల్చిప్పలను బిళ్లలుగా కోసి, చిల్లులు పెట్టి, మెరుగుపెట్టి ఆయన చేసిన గుండీలు ఒకప్పుడు ఓడలెక్కి వెళ్లేవి. తర్వాత ఆ ఓడలే అవతలి నుంచి గుండీలు తేవడం మొదలుపెట్టాయి. వాటి ధర ఈయన కొనే ఆల్చిప్పల ధర కన్నా తక్కువ. అయినా ఒక బడి పిల్లల చొక్కాలకు ఇంకా ఈయన గుండీలే కుడుతున్నారు కనుక పొయ్యి ఆరలేదు.

అంతలో కింది గిడ్డంగిని ప్రభుత్వం వర్తక చరిత్ర ప్రదర్శనశాలగా మార్చింది. ఒక ఆచార్యుల వారు వచ్చి, ప్రపంచ వర్తకం వల్ల దేశ సంపద పెరిగిన తీరును గోడ మీద ఎర్రగీతగా గీయించారు. తొలి శతాబ్దాలన్నీ ఆ గీత నేలబారున చీమల వరసలా పాకింది. తెరచాప ఓడలు రాగానే కాస్త తలెత్తింది. పొగ ఓడలతో నడుము దాకా వచ్చింది. మన కాలానికి నిట్టనిలువుగా లేచి కప్పుకు కొట్టుకుంది. ఇంకా బోలెడు ప్రగతి మిగిలి ఉంది, గోడ మాత్రం అయిపోయింది.

ఆచార్యుల వారు మెట్లెక్కి పైకి వచ్చి సంగతి చెప్పారు. గీత పైకి రావాలంటే నేలకు కన్నం పెట్టాలి, అదీ సరిగ్గా యంత్రం ఉన్న చోట.

"అయ్యా, గీతనే కాస్త పొట్టిగా గీస్తే పోదా?" అన్నాడు మేస్త్రీ.

"దేశ వృద్ధిని తగ్గించమంటారా?" ఆచార్యుల వారు నిర్ఘాంతపోయారు. వెంట వచ్చిన అధికారి మేస్త్రీని తలనుంచి పాదాల దాకా అనుమానంగా చూశాడు.

అయినా ఆచార్యుల వారు దయగల మనిషి. మేస్త్రీని కిందికి తీసుకెళ్లి, గీతలో ఆయనకూ చోటుందని భూతద్దం పెట్టి చూపించారు. "ఇదిగో, ఇక్కడ చిన్న నొక్కు ఉంది, చూశారా? దేశవాళీ గుండీల పతనం. అది మీరే." మేస్త్రీ కళ్లు చికిలించుకుని తనను తాను వెతుక్కున్నాడు. "రెండో పూత వేశాక అదీ కనబడదు లెండి. దీర్ఘకాలంలో అందరికీ లాభమే."

కన్నం కొలతలు తీయడానికి పైకి వచ్చిన అధికారిని అత్తగారు మంచం మీంచే అడిగింది. "దీర్ఘకాలమంటే ఎన్నాళ్లు నాయనా?"

"చరిత్ర ప్రకారం రెండు మూడు తరాలమ్మా."

"అంతేనా! ఏమే అమ్మాయ్, అందాకా నా మాత్రలు సరిపోతాయేమో చూడు."

యంత్రాన్ని వీధిలో పారేయలేదు. ప్రభుత్వానికి ఆ మాత్రం కృతజ్ఞత ఉంది. దాన్ని కిందికి దించి అద్దాల పెట్టెలో పెట్టి, మిగిలిన గుండీలన్నీ పక్కనే అట్టకు అతికించి, 'పూర్వీకుల పనిముట్టు, ముట్టరాదు' అని బోర్డు తగిలించింది. ఆ పూర్వీకుడు ఇంకా పైన బతికి ఉండటం ఒక్కటే అందులో లోపం. బడివాళ్లు దిగుమతి గుండీలు తెప్పించుకున్నారు. ఆ పుణ్యమా అని వర్తకం పెరిగి గీత మరో బెత్తెడు లేచింది, పొయ్యి వెనక గోడ కూడా కావలసి వచ్చింది. పొయ్యి తీసేశారు. అప్పటికి దానితో పెద్దగా పనీ లేదు. గది కూడా త్వరలో ఖాళీ చేయాలన్నారు. వృద్ధి వంటింటి దాకా వచ్చిన అదృష్టవంతుడివని ఇరుగుపొరుగు వాళ్లు మెచ్చుకుని వెళ్లేవారు. ఆ మెప్పు విన్నప్పుడల్లా మేస్త్రీకి ఏడుపొచ్చేది.

ప్రారంభోత్సవం నాడు మంత్రివర్యులు గీత చివరన, అంటే మేస్త్రీ గదిలో, నిలబడి ప్రసంగించారు. "సోదర సోదరీమణులారా! ఒకనాడు నేల మీద పాకిన మన ప్రగతి నేడు ఇంతై..." అంటూ రెండు చేతులూ బార్లా చాచారు. ప్యాంటు నడుము గుండీ టప్పున తెగి, కన్నంలోంచి జారి, కింద తొలి శతాబ్దం దగ్గర పడి రెండు ముక్కలైంది. దిగుమతి గుండీ. అలాంటిది ఇంకొకటి కావాలంటే వచ్చే ఓడ దాకా ఆగాలి.

"మేస్త్రీ గారూ, మంత్రిగారి పరువు మీ చేతిలో ఉంది. ఒక్క గుండీ!" అధికారి చెవిలో గొణిగాడు.

"నా యంత్రం నాకిప్పించండి బాబూ, చిటికెలో చేస్తాను," అన్నాడు మేస్త్రీ. చాన్నాళ్ల తర్వాత ఆయన మొహంలో ఆశ కనిపించింది.

అధికారి గబగబా దిగి అద్దాల పెట్టె దాకా వెళ్లాడు. బోర్డు చదివాడు. ముట్టరాదు. తన సంతకంతో ఉన్న నియమాన్ని తానే ఎలా కాదంటాడు? ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు.

మంత్రివర్యులు పొట్ట పట్టుకునే ప్రసంగం పూర్తి చేశారు. అది వృద్ధికి చేసే కొత్త వందనం కాబోలనుకుని ఆచార్యుల వారు తన పొట్ట మీద చెయ్యి వేసుకున్నారు. అధికారి వేసుకున్నాడు. సభికులంతా వేసుకున్నారు. అయితే గుండీ తెగకముందు నుంచే పొట్ట మీద చెయ్యి వేసుకుని ఉన్నవాడు మేస్త్రీ. ఆయన దేశభక్తికి ముచ్చటపడి, గది ఖాళీ చేయడానికి ఇంకో వారం గడువిచ్చారు.

ఆ వందనం తర్వాత దేశమంతా పాకిన సంగతి మీకు తెలియనిది కాదు. వృద్ధి రేటు ప్రకటించినప్పుడల్లా వీధుల్లో ఎంతోమంది పొట్ట మీద చెయ్యి వేసుకుని నిలబడటం మీరూ చూస్తున్నారు, చూసి గర్వంగా మీ చెయ్యీ వేసుకుంటున్నారు. పక్కవాడిది వందనమా, ఇంకేదైనానా అని మీరు ఇంతవరకూ అడగలేదు. అడగడం మర్యాద కాదు కూడా.