మెట్లెక్కిన సీకే

మనిషి కండరంలో ఉండే క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైమ్ అబద్ధం చెప్పదు. అబద్ధం చెప్పని వాళ్ళందరికీ ఏం జరుగుతుందో దానికీ అదే జరిగింది. దాని మీద ఒక విచారణ సంఘం వేశారు.

ఈ కథ ఒక సిటీ బస్సు డ్రైవరుది. డిపోలో ఆయన్ని అందరూ నిదానం అనేవారు. ఆయన నడిపే బస్సులో నిలబడ్డ మనిషి పక్కవాడి కాలు తొక్కిన దాఖలా లేదు. సడన్ బ్రేకు వేయడమంటే ఆయన దృష్టిలో ముక్కూమొహం తెలియని పెద్దమనిషిని 'ఒరేయ్' అని పిలవడమే.

డ్రైవర్లకు ఏటా జరిగే వైద్య పరీక్షల్లో ఆ ఏడు కొత్తగా సీకే పరీక్ష చేరింది. సీకే అంటే ఆ ఎంజైమ్ ముద్దుపేరు. ఎందుకు చేర్చారని అడిగితే పైనుంచి వచ్చిందన్నారు. (పైవాళ్ళను అడిగితే ఇంకా పైనుంచి వచ్చిందన్నారు. ఆ పైన ఆకాశమే.) పరీక్షకు ముందురోజు ఆదివారం. బీరువాను పడకగదిలోంచి హాల్లోకి జరపమని భార్య అడిగింది, జరిపాడు. హాల్లో పెట్టాక చూస్తే బాగాలేదంది, మళ్ళీ పడకగదిలోకి జరిపాడు. కాపురమన్నాక ఇవన్నీ మామూలే కనుక ఆయన ఆ సంగతి మర్చిపోయాడు. తొడలూ భుజాలూ మాత్రం మర్చిపోలేదు. రెండువందల లోపు ఉండాల్సిన సీకే ఆరువందలు దాటిందని రిపోర్టు వచ్చింది.

డిపో మేనేజరు నిబంధన చదివి వినిపించాడు. సీకే మామూలు స్థాయికి దిగిందని కార్పొరేషన్ ఆస్పత్రి రాసిచ్చేదాకా డ్రైవరు స్టీరింగు ముట్టుకోకూడదు. అంతా మీ మంచికేనండీ, అని కూడా అన్నాడు. ఆ మాట విన్నాక మంచి జరిగిన సందర్భం కోసం నిదానం ఎంత వెతుక్కున్నా ఒక్కటీ గుర్తుకు రాలేదు.

ఆస్పత్రి ఐదంతస్తుల మేడ. టోకెన్లు కింద ఇస్తారు, రక్తం ఐదో అంతస్తులో తీస్తారు. మధ్యలో డాక్టర్లుంటారు. లిఫ్టుకు ఏ లోటూ లేదు. శుభ్రంగా తుడిచి, లోపల నిలువుటద్దం కూడా పెట్టారు. 'రోగులకు మాత్రమే' అని బోర్డు. నిదానం ఎక్కబోతుంటే లిఫ్టు పర్యవేక్షణాధికారి చెయ్యి అడ్డం పెట్టి, జబ్బేమిటని అడిగాడు. అది తేల్చుకుందామనే వచ్చానన్నాడు నిదానం.

"జబ్బు తేలితేనే రోగి అవుతారండీ," అన్నాడు అధికారి ఎంతో మర్యాదగా. "ప్రస్తుతానికి మీరు సందేహం. సందేహాలు మెట్ల మీద వెళ్ళాలి."

సందేహం మెట్లెక్కింది. గుండె డాక్టరు ఛాతీకి తీగలు తగిలించి చూశాడు. ఒకప్పుడు గుండెపోటును ఈ సీకేతోనే పట్టేవాళ్ళమనీ, ఇప్పుడు ట్రోపోనిన్ అని దానికంటే నమ్మకమైన పరీక్ష వచ్చిందనీ పాత స్నేహితుణ్ణి తలుచుకున్నట్టు చెప్పాడు. ఆ కొత్త పరీక్షా చేయించి, గుండె గుండ్రాయిలా ఉందని తేల్చి, సీకే మాత్రం రేపు మళ్ళీ చూద్దామన్నాడు. మర్నాడు టోకెను కోసం కిందికి, సంతకం కోసం పైకి, మర్చిపోయిన ముద్ర కోసం మళ్ళీ కిందికి తిరిగితే సీకే తొమ్మిదివందలైంది. కాళ్ళు పీకుతున్నాయని వాపోతే నర్సమ్మ జాలిపడి తుంటికి ఒక ఇంజెక్షన్ పొడిచింది. (కండరంలోకి సూది దిగితే సీకే పెరుగుతుందని ఆమెకు తెలియక కాదు. నొప్పి ఆమె విభాగం, సీకే వేరే విభాగం.)

చివరికి ఆయన్ని కండరాల డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఆవిడ చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమంది. మూత్రం నల్లగా వస్తోందా, కొలెస్టరాల్ మాత్రలు వాడుతున్నారా, ఇంట్లో ఎవరికైనా కండరాల జబ్బుందా అని అడిగింది. ఈమధ్య బరువు పనులేమైనా చేశారా అని అప్పుడడిగింది. నిదానం బీరువా సంగతి మొదటినుంచీ చెప్పాడు. ఇన్నాళ్ళలో ఆ ముక్క అడిగిన మనిషి ఆవిడొక్కతే.

"కండరం బాగా అలిసిపోతే దాని లోపలి సీకే రక్తంలోకి కారుతుందండీ," అంది డాక్టరమ్మ. "జబ్బుంటే కారుతుంది, బీరువా జరిపినా కారుతుంది. కారిందని రిపోర్టు చెబుతుంది. ఎందుకు కారిందో మనిషినే అడగాలి. ఓ వారం కదలకుండా పడుకుని రండి."

చీటీ మీద విశ్రాంతి అని రాసింది. అయితే కార్పొరేషన్‌లో విశ్రాంతి ఎవరు పడితే వాళ్ళు తీసుకునేది కాదు. దానికి విశ్రాంతి ధ్రువీకరణ విభాగం ఉంది. విశ్రాంతిలో ఉన్న ఉద్యోగి రోజూ స్వయంగా ఐదో అంతస్తుకొచ్చి, తాను కదలకుండా పడుకున్నట్టు సంతకం పెట్టాలి. నిదానం నిబంధన తప్పే మనిషి కాదు. వారం తిరిగేసరికి సీకే పద్నాలుగువందలకు చేరింది.

దాంతో ఆయనకు నిజంగానే భయం పట్టుకుంది. ఇంట్లో భార్య విసుక్కోవడం మానేసింది. కూరలో ఉప్పు తక్కువైందన్నా కిమ్మనకుండా ఉప్పుడబ్బా తెచ్చిపెట్టింది. అది చూసి ఆయనకు భయం రెట్టింపైంది. ఆ సాయంత్రం ఆవిడ బీరువాకు ఆనుకుని కూర్చుని, జరపమన్నది నేనే కదండీ, అంది. జరిపింది నేను కదా, అన్నాడాయన. తర్వాత ఆవిడ లేచి, ఆయన చెప్పులు తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది.

వారం పాటు ఆయన మంచం దిగలేదు. ధ్రువీకరణ విభాగం నుంచి ఫోనొస్తే, ఆయన పడుకున్నారు, అందుకే రాలేకపోతున్నారని భార్య చెప్పింది. (విశ్రాంతికి గైర్హాజరు, అని అక్కడ రాసుకున్నారు.) ఎనిమిదో రోజు ఆటోలో తీసుకెళ్ళి నేరుగా లిఫ్టు ముందు నిలబెట్టింది. అధికారి అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈయనకు జబ్బు తేలింది బాబూ," అంది.

"ఏం జబ్బమ్మా?"

"చెప్పినట్టల్లా వినడం. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఉంది."

అధికారి ఆలోచించాడు. జబ్బును ఎవరు తేల్చాలో బోర్డు మీద రాసి లేదు. చెయ్యి తీశాడు. నిలువుటద్దంలో నిదానం తన మొహం చూసుకుంటూ పైకెళ్ళాడు. చాలా రోజులకు పక్కన భార్య నవ్వుతూ కనిపించింది.

ఈసారి సీకే నూటనలభై. డాక్టరమ్మ తన గదిలోనే ముద్ర తెప్పించి, ఈయన కండరాలన్నీ దృఢంగా ఉన్నాయి, ఏ జబ్బూ లేదు అని ధ్రువపత్రం రాసిచ్చింది. దంపతులు దారిలో మిఠాయి కొనుక్కుని ఇంటికెళ్ళారు.

విచారణ సంఘం కూర్చుంది అప్పుడే. ఫైల్లో నాలుగు రిపోర్టులున్నాయి. మూడు ఒక మాట చెబుతుంటే నాలుగోది వేరే మాట చెబుతోంది. ఏ రిపోర్టుకూ అన్యాయం జరగకూడదని సంఘం అన్నిటినీ కూడి సగటు తీసింది. సగటున ఆయన జబ్బు మనిషని తేలింది. కుర్చీలో కూర్చుని బస్సు నడిపేంత సత్తువ ఆయన కండరాలకు లేదని ఏకగ్రీవంగా తీర్మానించారు. అయితే ఇన్నేళ్ళ సేవను మరువకుండా, దయతో ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇచ్చారు. అదే ఆస్పత్రిలో, లిఫ్టులో పట్టని స్ట్రెచర్లను మెట్ల మీదుగా మోసే పని.

దానికి కండరాలు దృఢంగా ఉన్నట్టు డాక్టరు ధ్రువపత్రం కావాలన్నారు. డాక్టరమ్మ రాసిచ్చినదే చెల్లింది.