మా బీరువాకు పట్టిన చెద

మా ఆయనకు అబద్ధమాడటం రాదు. రాదన్న సంగతి ఆయనకింకా తెలియదు. మా సంసారం ఇంత సరదాగా సాగడానికి అదే కారణం.

పేరు జోయెల్. మెదక్‌లోనే ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతారు. ఆయన జీవితంలో ఉన్న కొరత ఒక్కటే: గోడ. మా హాల్లోని పెద్ద గోడకు గోడంత టీవీ తగిలించాలని ఆయన కోరిక. ఆ గోడకు మా అత్తమ్మ టేకు బీరువా ఆనుకుని ఉంది.

మా మామయ్య పెళ్లయిన కొత్తలో టేక్మాల్‌లో చేయించి ఎడ్లబండి మీద తెచ్చిన బీరువా అది. బండి పోయింది, మామయ్యా పోయారు, బీరువా మిగిలింది. అత్తమ్మ పొద్దున లేవగానే ప్రార్థన చేసుకుంటుంది, తర్వాత బీరువా తుడుస్తుంది, ఆ తర్వాతే మా ముఖాలు చూస్తుంది.

దాన్ని తీసేద్దామని అడిగే ధైర్యం మా ఆయనకు లేదు. టెన్త్ పిల్లల్ని గడగడలాడించే సారు, తల్లి ముందు మాత్రం ఎక్కాలు మరిచిన పిల్లాడు. అందుకని ఒక ఉపాయం పన్నారు.

"సుమనా, జర ఇటు రా. బీరువాకు చెద పట్టింది."

వెళ్లి చూశాను. బీరువా కింద పొట్టు, ముగ్గు పోసినంత పొందికగా. ముదురు రంగు టేకును తిని తెల్లటి మామిడి కట్టె పొట్టు రాల్చే పురుగును నేనెప్పుడూ చూడలేదు. అదే పొట్టు మా ఆయన చొక్కా జేబు అంచున కూడా ఉంది. పురుగు అక్కడిదాకా నడిచిందన్నమాట.

"మందు కొట్టిద్దామా?" అన్నాను.

"అమ్మకు ఆయాసం గదా, ఆ వాసన పడదు." జవాబు ముందే కంఠస్థం చేసినట్టుంది. "ఇగ ఎవరికన్న ఇచ్చేసుడే. నాకు గూడ మస్తు బాధైతుంది."

అంత బాధలోనూ టేపు తీసి గోడ కొలుచుకున్నారు.

వెనక గుమ్మంలో అత్తమ్మ నిలబడి ఉంది. అంతా విన్నది. చెయ్యి మాత్రం బొడ్లోని బీరువా తాళంచెవి మీదకు పోయింది. ఏదైనా అని ఉంటే నేను ఊరుకునేదాన్నేమో.

"మందు వద్దు. వేపనూనె పెడదాం" అన్నాను. "కట్టెకు మంచిది, అత్తమ్మ ఆయాసానికీ భయం లేదు. రేపు రెండో శనివారం, మీకు సెలవే గదా."

"రేపు మ్యాచ్ ఉన్నది."

"పురుక్కేం తెలుసు పాపం, మ్యాచ్ సంగతి."

శనివారమంతా బీరువా ఖాళీ చేయడంతో సరిపోయింది. నలుగురిని పిలిచి వాకిట్లోకి దింపించారు. ఎండలో పెట్టబోతుంటే అత్తమ్మ అరుగు మీద నుంచి, "నీడకు పెట్టురా, ఎండకు పలకలు పగుల్తయ్" అంది. మా ఆయన సందుసందుకూ కుంచెతో నూనె పూస్తుంటే, పక్కింటి టీవీలో సిక్సర్లకు కేకలు వినిపించాయి. వేపనూనె వాసనకు మా వీధి దోమలన్నీ నిజాంపేట వైపు వలస పోయాయి.

మర్నాడు మళ్లీ పొట్టు.

"చూసినవా? తగ్గలే."

"అవును, ఒక్క పూతకు పోయే పురుగు కాదు. ఇంకోటి వెయ్యుండ్రి."

సోమవారం మళ్లీ పొట్టు, మళ్లీ పూత. "ఇది మొండి పురుగు" అన్నారు. "మీ ముందెంత" అన్నాను. మంగళవారానికి బడిలో పిల్లలు ఆయనకు వేపసారు అని పేరు పెట్టారు. బుధవారం పురుగు హఠాత్తుగా చచ్చిపోయింది.

"నయమైనట్టుంది" అన్నారు నీరసంగా.

"అయితే ఇగ మెరుగు పెట్టాలె."

కొబ్బరినూనెలో తేనెమైనం కరిగించి ఇచ్చాను. ఆయన పాత బనీను చింపి గుడ్డలు చేశాను. మొదట తిట్టుకుంటూనే రుద్దారు. రుద్దగా రుద్దగా నల్లబడిన తలుపు కింద నుంచి తేనెరంగు బయటపడింది. తిట్లు ఆగిపోయాయి. "ఇది గింత మంచిగుంటదా" అని, నేను చాలన్నాక కూడా రుద్దుతూనే ఉన్నారు.

శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూటం. పాస్టరయ్యగారితో, ఇరుగుపొరుగుతో హాలు నిండిపోయింది. పాటలయ్యాక, సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండని అయ్యగారు అడిగారు. ఎన్నడూ లేవని మా అత్తమ్మ లేచింది.

"దేవునికి వందనాలు. నా కొడుకు వారం దినాలు మ్యాచ్ ఇడిసిపెట్టి, వాళ్ల నాయిన తెచ్చిన బీరువాను చేతులు కాయలు కాసేటట్టు తుడిచిండు. నాకు ఆయాసమని మందు గూడ కొట్టియ్యలే. నేనున్నన్ని దినాలు గిది ఈ గోడకే ఉంటదని మాటిచ్చిండు. గిసొంటి కొడుకునిచ్చిన దేవునికి స్తోత్రం."

మాటిచ్చిన సంగతి మా ఆయనకు అప్పుడే తెలిసింది. నోరు తెరిచారు.

"ఆమెన్" అంది నిండు హాలు.

తెరిచిన నోరు ఊరికే మూయలేక ఆయన కూడా ఆమెన్ అన్నారు.

అందరూ వెళ్లాక అత్తమ్మ కొడుకును పిలిచి కింది అర అంచు చూపించింది. కట్టె మీద పక్కపక్కనే రెండు చిన్న నొక్కులు.

"అప్పుడు నీకు మొలిచినయ్ రెండే పండ్లు, గీడ కొరికినవు. దీనికి పట్టిన చెద గదొక్కటే. బెల్లం ముక్క చేతిల పెడితే ఊకున్నవు."

"నీకు ఎప్పుడు తెలిసిందే అమ్మా?"

"మొదటి దినమే. చెదంటే మట్టి పెడుతది, పొట్టు పోయదు. స్కూటర్ ఎనక దాచిన సంచి గూడ చూసిన. పొట్టుపొయ్యికి అక్కరకొచ్చింది, ఇయ్యాల మీ అందరికీ చాయ్ దాని మీదనే పెట్టిన."

ఆ వారమంతా నేనొక్కదాన్నే తెలివైనదాన్ననుకున్నాను. గ్లాసులు కడిగే నెపంతో వంటింట్లోకి తప్పుకున్నాను.

టీవీ వచ్చింది. "నా అర్రల గోడకు పెట్టుకో బిడ్డా, అందరం చూద్దాం" అంది అత్తమ్మ. రిమోట్ మాత్రం బీరువాలో, తాళంచెవి ఆవిడ బొడ్లో. మ్యాచ్ ఉన్న రోజు మా ఆయన వెళ్లి చెయ్యి చాపి నిలబడతారు. ఆవిడ తలుపు తీసి రిమోట్‌తో పాటు బెల్లం ముక్క కూడా పెడుతుంది. తేనెమైనం వాసన హాలంతా పరుచుకుంటుంది. కూటంలో లేచి చెప్పేంత ధైర్యం నాకు లేదు గాని, ఆ కాసేపు నేనూ మనసులోనే ఒక వందనం చెప్పుకుంటాను.